అక్క కారు రిపేరు ఇంకా కాలేదు

అక్క కారు నా షెడ్డులోకి వచ్చిందంటే ముందు తల పట్టుకుంటాను. పాత కారు. ఒక తలుపు గట్టిగా తోస్తే గానీ పడదు, హెడ్‌లైట్లు ఒకటి చెట్ల కొమ్మలకేసీ ఇంకొకటి నేలకేసీ చూస్తాయి. వాటి సంగతి ఆవిడకి పట్టదు. ఏసీ మాత్రం చల్లగా ఉండి తీరాలి. కారు ఏసీలు బాగుచేసే తమ్ముణ్ని పెట్టుకుని చెమటలు కక్కడం ఎందుకని ఆవిడ వాదన.

"మళ్లీ వేడిగాలి వస్తోందిరా," అంది తాళాలు బల్ల మీద పడేసి.

బంపరు విప్పాను. ఇంజను రేడియేటర్‌కి ముందు కండెన్సర్ ఉంటుంది. ఏసీ గ్యాస్‌ని చల్లబరిచేది అదే. పలుచటి అల్యూమినియం, రోడ్డు మీద లేచిన రాయి మొదట దాని మొహానే తగులుతుంది. రేకులు చాలాచోట్ల వంగిపోయి ఉన్నాయి. ఒక మూల జిడ్డు మరక, దాని మీద దుమ్ము. గాలి ఒత్తిడి పెట్టి సబ్బు నురగ పూస్తే అక్కడే బుడగలు లేచాయి. కిందటి ఎండాకాలం నా చేతులతో మార్చిన కండెన్సర్ అది. అంతకుముందుదీ ఇలాగే పోయింది.

"లారీల వెనకాల అతుక్కుపోయి నడుపుతున్నావు కదూ?"

"రోడ్డన్నాక లారీలుండవా?"

"ఉంటాయి. నువ్వే దూరంగా ఉండాలి. ఎన్నిసార్లు మొత్తుకోను?"

"ఉంటాలే. ముందు బాగు చెయ్యి."

ఆ 'ఉంటాలే' విలువ ఎంతో నాకు తెలుసు. అక్క ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. పని మొదలయ్యేది బాగా పొద్దెక్కాక. ఈవిడ మాత్రం తెల్లవారకుండానే కారు తీస్తుంది. ఎందుకే అంటే రోడ్డు ఖాళీగా ఉంటుందంటుంది. ఖాళీ రోడ్డు మీద ఇన్ని రాళ్లెలా తగిలాయో మాత్రం చెప్పదు. చిన్నప్పుడూ అంతే. నేను బడికి వెళ్తున్నానో ఎగ్గొడుతున్నానో చూడటానికి వీధి చివరిదాకా నా వెనకాలే వచ్చేది, వెనక్కి తిరిగితే గోడ వైపు చూస్తున్నట్టు నటించేది.

కొత్త కండెన్సర్ బిగించాను. ఈసారి విసుగొచ్చి, గ్రిల్ వెనకాల ఇనుప మెష్ కూడా పెట్టాను. ఈగ కూడా దూరకూడదన్న కోపంతో మరీ సన్న కళ్లది తెచ్చాను. గాలి ఆడకపోతే ఇంజను వేడెక్కుతుంది కాబట్టి రోడ్డు మీద ఓసారి చూడాలన్నాను.

"రేపు పొద్దున నాతో రా, నేనెటూ ఆ దారినే పోతాను," అంది. అని నాలుక కరుచుకుంది గానీ అప్పటికే నేను సరేనన్నాను.

మర్నాడు చీకటి విడుతుండగా ఆవిడ పక్కన కూర్చున్నాను. నిద్ర చాలక కళ్లు మండుతున్నాయి. బైపాస్ ఎక్కగానే ముందు కంకర లారీ కనపడింది. అక్క వేగం పెంచి దాని వెనకాలే చేరింది. దుమ్ము అద్దాన్ని కమ్మేసింది. కిటికీలు దించితే ఊపిరాడదు. ఏసీ మీద ఇంత పట్టుదల ఎందుకో అప్పుడర్థమైంది. చిటపటమని రాళ్లు మెష్‌కి తగులుతున్నాయి.

"బుద్ధుందా నీకు?" అంటూనే లారీ వెనక దీపం చూశాను. పగిలిన చోట ఎర్ర కాగితం అతికించి ఉంది. ఆ కాగితం అతికించింది నేనే. అది బావ లారీ.

బావ రాత్రంతా క్వారీ నుంచి కంకర తోలుతాడు. తెల్లవారుజామున ఆఖరి ట్రిప్పు. ఆ మధ్య ఓసారి రోడ్డు దిగి పొలంలోకి పోయాడు. టైరు పేలిందన్నాడు, మేం నమ్మాం.

చూస్తుండగానే లారీ మెల్లగా ఎడమ పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. అక్క హారన్ గట్టిగా నొక్కింది. లారీ ఉలిక్కిపడి మళ్లీ దారిలోకొచ్చింది.

అక్క నా వైపు చూడలేదు. "చూశావుగా. ఇంక నన్ను దూరంగా ఉండమనకు," అంది.

ఈలోగా ఇంజను వేడి ముల్లు పైకి పాకింది. నా సన్న మెష్ నిర్వాకం. ఆసుపత్రి దగ్గర ఆవిణ్ని దింపి, ఆగుతూ ఆగుతూ కారు షెడ్డుకి తెచ్చాను.

ఆ పగలంతా దాని మీదే కూర్చున్నాను. పెద్ద కళ్ల మెష్ తెచ్చి, కండెన్సర్‌కి తగలకుండా కాస్త ఎడం వదిలి బిగించాను. సాయంత్రానికి ముల్లు కదలకుండా నిలబడింది, గాలి మంచులా వస్తోంది.

అప్పుడే బావ వచ్చాడు, చంకలో రెండు రబ్బరు షీట్లతో. "వీటిని కోసి నా వెనక చక్రాలకి వేలాడదియ్యి బామ్మర్దీ. రాళ్లు మీ అక్క కారుకి తగులుతున్నాయి."

"అక్క వెనకాల వస్తుందని నీకు తెలుసా?"

"ఆ వంకర లైట్లు అద్దంలో కనపడవేంటి? నాకు తెలుసని దానికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది." స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ల కింద నలుపు, గడ్డంలో కంకర దుమ్ము. "అది వెనకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది బామ్మర్దీ. ఎలాగూ హారన్ కొడుతుంది కదా అని ఒక్కోసారి కాసేపు వదిలేస్తుంటాను."

"ఏం వదిలేస్తావు?"

"కళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే భయం వేసింది. చిన్నప్పుడు వీధి దాటేటప్పుడు నేనూ అటూ ఇటూ చూసేవాణ్ని కాదు. వెనకాల అక్క ఉండేది కదా.

"రేపు కారు రాదు. పనవ్వలేదు," అన్నాను.

బంపరు బిగించి, కడిగి పెట్టిన కారు ఎదురుగానే ఉంది. బావ దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"వెనకాల ఎవరూ ఉండరన్నమాట," అన్నాడు.

"ఉండరు."

చాలాసేపు రబ్బరు షీటు అంచు గోటితో గీకుతూ కూర్చున్నాడు. "అయితే ఆఖరి ట్రిప్పు నావల్ల కాదని చెప్పేస్తా," అని లేచాడు.

మర్నాడు కాస్త ఎండొచ్చాక అక్క ఫోన్ చేసింది. నేను ఆవిడ కారులోనే, చల్లగాలికి చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"మీ బావ చీకటుండగానే ఇంటికొచ్చి పడుకున్నాడురా. ఇంకా లేవలేదు. నాకూ మొహం మీద ఎండ పడితే గానీ మెలకువ రాలేదు. కారు ఎప్పటికవుతుంది?"

గాలి చప్పుడు ఫోన్లో వినపడుతుందేమోనని ఏసీ ఆపేశాను.

"ఎక్కడో ఇంకో లీకుందక్కా, దొరకలేదు. టైం పడుతుంది."

నీకు దొరకని లీకేంట్రా అంటుందని అనుకున్నాను. ఆవిడ ఆవలించింది.

"సరేలే, నిదానంగానే చెయ్యి. నేనింకాసేపు పడుకుంటా."