అమ్మ పేరు మీద ఇద్దరం

ప్రతి సోమవారం ఉదయం అమ్మ పేరు మీద నాకు ఒక మెయిల్ వస్తుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పంపేది జ్ఞాపకశక్తికి కసరత్తు చేయించే ఒక వెబ్‌సైట్. ఆ వారం ఆడిన ఆటల ఫలితాలను పాతవాటితో, తనదైన ఏదో లెక్కతో కలిపి ఒక గీత గీస్తుంది. దాని కింద పెరిగిందనో తగ్గిందనో ఒక వాక్యం ఉంటుంది. అక్క చనిపోయిన కొన్ని వారాలకు వచ్చిన మెయిల్, అమ్మను పేరు పెట్టి పలకరించి, మీ జ్ఞాపకశక్తి స్కోరు తగ్గుతోంది అంది. తరువాతి సోమవారమూ అదే మాట. ఆ పై సోమవారమూ అంతే.

ఆ ఖాతా తెరిచింది నేనే. నంద్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అక్కడి కంప్యూటర్‌లోనే తెరిచాను. అక్కది ఆళ్ళగడ్డ. ఫోన్‌లో ఉండి ఆ సైట్ ఏమేం అడుగుతోందో చెప్పమంది. వాళ్ళమ్మాయి ఎవరికో వచ్చిన జబ్బు గురించి చెబుతూ ఈ సైట్ మాట ఎత్తిందట. మా ఇద్దరికీ ఆ భయం ఎప్పటినుంచో ఉంది. అమ్మ చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తు పట్టలేదు. ముందు పొయ్యి మీద పాలు మరిచింది, తరువాత ఇంటి తాళం, తరువాత ఎప్పుడూ వెళ్ళే చర్చికి దారి. ఆఖరుకు నన్ను ఎవరి బిడ్డవని అడిగింది.

డబ్బు కట్టే ఖాతా ఒకటి చాలు అనుకున్నాం. మా ఇంట్లో ఏదైనా ఒకటే కొనేవాళ్ళు, ఇద్దరం వాడుకునేవాళ్ళం. గొడుగు, బైబిలు, పరీక్షల అట్ట అన్నీ అంతే. ఇదీ అలాగే అనుకున్నాం. పేరు దగ్గర ఆగిపోయాను. ఇలాంటి దానికి తన పేరు వద్దంది అక్క. నాకూ నా పేరు పెట్టబుద్ధి కాలేదు. చివరికి అమ్మ పేరు పెట్టాం. పుట్టిన సంవత్సరం దగ్గర మళ్ళీ ఆగాను. ఆ వయసు వాళ్ళతో పోల్చి చూపిస్తారట.

"నీది కాదు, నాది కాదు, నడిమధ్యలో ఒకటి ఎయ్యిమే," అంది అక్క.

అలాగే వేశాను. మా ఇద్దరి మధ్యలో, ఎప్పుడూ పుట్టని ఒక మనిషి, మా అమ్మ పేరుతో, ఆ రోజు నుంచి ఆటలు ఆడడం మొదలు పెట్టింది.

పొద్దున ప్రార్థన అయ్యాక అక్క ఆడేది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి నేను ఆడేదాన్ని. తెర మీద గళ్ళు కొన్ని వెలిగి ఆరిపోతాయి. వెలిగినవేవో గుర్తు పెట్టుకుని నొక్కాలి. ఆట అయిపోగానే ఎవరి స్కోరు వాళ్ళకు ఒక్కసారి కనిపిస్తుంది. తరువాత అది ఆ గీతలో కలిసిపోతుంది, మళ్ళీ విడిగా దొరకదు. రాసిపెట్టుకోవాలని మాకు తోచలేదు. సాయంత్రం ఫోన్‌లో చెప్పుకునేవాళ్ళం, అంతే.

ఆ ఫోన్ ఎప్పుడూ ఒకే మాటతో మొదలయ్యేది.

"ఏం మే, ఎంత వచ్చె?"

నేను చెప్పేదాన్ని. తనకు అంతకన్నా కొంచెం తక్కువే వచ్చిందనేది. ఎప్పుడో ఒకసారి సమానమనేది. నేను ఏదైనా ఓదార్పు మాట అనబోతే, పుస్తకాల మధ్య కూర్చుని జీతం తీసుకునేదానివి, నీకు ఆ మాత్రం రాకపోతే ఎలా అని ఎకసెక్కం చేసేది. తరువాత మాట శనగ పంట మీదికో, నా అన్నం మీదికో వెళ్ళిపోయేది. నా ఒక్కదానికి అన్నం వండుకోవడానికి నాకు బద్ధకం అని తనకు తెలుసు. ఏం తిన్నానో పేరు పెట్టి చెప్పే దాకా వదిలేది కాదు.

అక్క పోయింది గుండె ఆగి. ఒక పొద్దున ప్రార్థనకు కూర్చుని లేవలేదు. చివరి దాకా ఎవరి పేరూ మరవలేదు. అక్క కోసం చర్చి వాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. ఆమెను దీపమన్నారు, వృక్షమన్నారు. నేను వెనక వరసలో కూర్చుని, ఆమె ఫోన్‌లో గొంతు సవరించుకునే తీరు గుర్తు చేసుకునే ప్రయత్నం చేశాను. దీపమూ వృక్షమూ దానికి అడ్డం వచ్చాయి.

నంద్యాల తిరిగొచ్చాక ఆట మానలేదు. సాయంత్రం ఆ సమయానికి చేతులకు వేరే పని లేదు. అప్పుడే గీత దిగడం మొదలైంది.

మొదట దాన్ని దుఃఖం కింద జమకట్టేశాను. తరువాత కూర్చుని లెక్క వేసుకున్నాను. అక్క స్కోరు నాకన్నా తక్కువ. గీత మా ఇద్దరిదీ కలిపి. అక్క ఆడడం ఆగిపోతే గీత పెరగాలి. పెరగలేదు సరికదా, తగ్గుతోంది. అంటే తగ్గుతున్నది నేను. ఈ లెక్కలో తప్పు ఎక్కడా కనిపించలేదు. పోల్చి చూసుకుందామంటే, అంతకు ముందు నాకు ఎంతెంత వచ్చేదో గుర్తు లేదు.

ఆ వారమే ఒక రోజు లైబ్రరీ బీరువా తాళం చెవి చేతిలో పెట్టుకుని దాని కోసం వెతికాను. అందరికీ జరిగేదే అది. కానీ అమ్మకూ అందరికీ జరిగేవాటితోనే మొదలైంది. నేను మరిచిపోతే చెప్పేవాళ్ళు ఎవరు అనే ప్రశ్న అప్పుడు వచ్చింది. అమ్మ మరిచిపోతోందని ముందు గమనించింది అక్క. నా విషయంలోనూ ముందు గమనించాల్సింది తనే. ఇంట్లో నేనొక్కదాన్నే. పొయ్యి మీద పాలు పొంగితే వాసన నాకే రావాలి.

వెబ్‌సైట్ వాళ్ళకు రాశాను. ఒకే ఖాతాలో ఇద్దరం ఆడామనీ, పొద్దుటివి ఒకరివి, సాయంత్రానివి ఒకరివి అనీ, వాటిని వేరు చేసి నావి నాకు ఇవ్వగలరా అనీ అడిగాను. మర్యాదగా జవాబు వచ్చింది. ఖాతా ఒక్కరి కోసం ఉద్దేశించినదట. కలిసిన ఫలితాలను విడదీయడం కుదరదట. నా సొంత స్కోరు సరిగ్గా తెలియాలంటే కొత్త ఖాతా తెరవమన్నారు. తెరవలేదు. మొదటి రోజు ఏం తెలుస్తుందోనని భయం వేసింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అక్క గుర్తు ఉన్న మనిషిని అడగాలనిపించింది. బస్టాండ్ నుంచి నడుస్తుంటే రోడ్డు పక్కన శిల్పాల షెడ్లలో ఉలి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఆదివారమైనా వాళ్ళకు పని ఉంది.

బావ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. అక్క ఉన్నప్పుడు పొలం నుంచి వచ్చి ఆ కుర్చీలో పది నిమిషాలు కూడా కూర్చునేవాడు కాదు. నన్ను చూసి లేచి, ముందు చెప్పకుండా వచ్చానని కోప్పడ్డాడు. లోపలికెళ్ళి తనే టీ పెట్టాడు. చక్కెర ఎక్కువైంది.

అక్క ఆడుకునే ట్యాబ్ ఫ్రిజ్ మీద గుడ్డ కప్పి ఉంది. దాని వైపు చూస్తూ అడిగాను, ఆటలో అక్కకు తప్పులు చాలా పోయేవా అని.

బావ నవ్వాడు. ఆ ఇంట్లో అన్నాళ్ళకు విన్న మొదటి నవ్వు అది.

"తప్పులా? మీ అక్కకా? యాడన్నా ఒకటి పోతే, దాన్నే తలుసుకుంటా వంట మాడ్చేది."

అయితే తక్కువ ఎందుకు వచ్చేదన్నాను. ఎవరికి తక్కువ అన్నాడు. నేను ఫోన్ మాటలన్నీ చెప్పాను. బావ టీ గ్లాసు కింద పెట్టాడు. అక్కకు గళ్ళు కనిపించేవి కానీ కింద చిన్న అంకె ఆనేది కాదట. అద్దాలు పెట్టుకోదు. అందుకని ఆట అయ్యాక ట్యాబ్ తన ముందు పెట్టేదట, చదివి చెప్పమని.

"నేను సదివింది ఒకటి, సాయంత్రం నీకు సెప్పేది ఇంకోటి. ముందు నీది ఎంతో అడుగుతాది, ఆమైన దానికి రోంత తగ్గించి తనది సెప్తాది. ఎందుకే అట్ల అబద్ధాలు సెప్తాండావు అంటే, అమ్మను చూసినప్పట్నుంచి మా సెల్లికి బయం, తక్కువని తెలిస్తే నిద్రపోదు అనింది."

గీత ఎందుకు దిగిందో తెలిసింది. పైన ఉన్నది అక్క. ఆమె పొద్దుటి ఆట ఆగిపోయాక మిగిలింది నా స్కోరు. నేను తగ్గలేదు. మొదటి నుంచీ అక్కడే ఉన్నానేమో. భయం పోయింది. అది పోయిన చోట మరేదీ రాలేదు.

చిన్నప్పుడు సండే స్కూల్‌లో ఒక ఇంటి పిల్లలను వరుసగా నిలబెట్టి కంఠత వాక్యాలు చెప్పించేవాళ్ళు. ఒక ఏడాది నేను సగంలో ఆగిపోయాను. నా తరువాత అక్క కూడా సరిగ్గా అదే మాట దగ్గర ఆగిపోయింది. పెద్దదానివి, నీకూ రాదా అని దారి పొడవునా అమ్మ దాన్ని తిట్టింది. నాకు ఆ రోజు హాయిగా నిద్ర పట్టింది. ఈ సంగతి బావకు చెప్పాలనుకున్నాను కానీ చెప్పలేదు.

బస్సెక్కించడానికి వచ్చినప్పుడు, కొత్త ఖాతా తెరుస్తాను, నా ఒక్కదానిది అన్నాను. బావ తల ఊపాడు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికొచ్చి, ఎంత వచ్చిందో ఫోన్ చెయ్యమన్నాడు.

"ఉన్నిందున్నట్టే సెప్పు మళ్ళా. తగ్గించేదానికి నాకు రాదు."

మర్నాడు సాయంత్రం నా పేరూ, నేను పుట్టిన సంవత్సరమూ వేసి ఖాతా తెరిచాను. గళ్ళు వెలిగాయి, ఆరాయి. అంకె వచ్చింది. దాని పక్కన, పోల్చడానికి ఇంకా వేరే ఫలితాలు లేవని ఉంది. పాత ఖాతా తీసేయలేదు. అందులో ఇక ఎవరూ ఆడరు. గీత ఆగిన చోటే ఆగి ఉంటుంది.

బావకు ఫోన్ చేసి ఆ అంకె చెప్పాను. ఆయన దాన్ని తిరిగి ఒకసారి పలికాడు, పొద్దున అక్కకు చదివి వినిపించినట్టు.

"బాగుండాదా అది?"

"తెలీదు బావా. ఇంకా ఒకటే."

సరే అన్నాడు. అన్నం తిన్నావా అని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న ఆయనది కాదు. నేను లేచి బియ్యం కడిగాను.