దొరసానికి వేసిన ఉప్పు

మొన్న భూపాలపల్లిలో పంటి డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు, మూలనున్న గాజు తొట్టెలో గాలి మోటారు బుడబుడమంటోంది. పన్ను నొప్పి మరచిపోయి లేచి వెళ్లి, ఏ చేపైనా పక్కకు ఒరిగిందా అని చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ చప్పుడు వింటే నాకు యాదక్క గుర్తొస్తుంది. ఆమె వెనకే ఒక పొద్దుటి భయమూ వస్తుంది.

జనగామలో మా కిరాణా దుకాణం పక్క మడిగెలో యాదక్క రంగు చేపలు అమ్మేది. నేను పుట్టింది ఉప్పు బస్తాల మధ్య, పెరిగింది బేరాల మధ్య. పెళ్లిచూపుల్లో ప్లేటులో పెట్టిన లడ్డూ కిలో ఎంత పడిందని అడిగిన ఘనురాలిని. యాదక్క దగ్గరా మొదట అదే పని చేశాను. తోక చినిగిన గోల్డ్‌ఫిష్ ఒకటి విడిగా చిన్న టబ్బులో కనిపిస్తే, లోపమున్న సరుకు చవక కదా అని ఆశపడ్డాను.

"అక్కా, గిది చినిగిన సరుకే గద. సగానికియ్యి."

"చినిగిన దానికే ఎక్కువ తీస్కోవాలె శోభా. వారం సంది దీనికి చాకిరి చేస్తున్న. దినాం నీళ్లు మార్చుడు నువ్వు చేస్తవా?"

"సరే, ముప్పావుకియ్యి."

"మానినంక రా. పుండున్నదాన్ని అమ్మ."

ఎంత అడిగినా అమ్మని దుకాణదారును నేను అప్పటిదాకా చూడలేదు. ఆ వింత చూడటానికే రోజూ వెళ్లి, బేరం మరచి పని నేర్చుకున్నాను. చేపను పట్టేముందు చేతులు తడుపుకోవాలని, పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పోతుందని చెప్పింది. నల్లా నీళ్లను ఒక రోజు నిలవ ఉంచాకే వాడాలంది. గాయం తుడిచేటప్పుడు తడిగుడ్డతో కళ్లు కప్పితే చేప అంతగా కొట్టుకోదని చేసి చూపించింది.

ఆమె చేపలన్నింటిలో అసలు అమ్మకానికి లేనిది దొరసాని. తెల్లటి ఒళ్లు, నుదుట ఎర్రమచ్చ, మూరెడు పొడవున్న కోయి జాతి చేప. పెనిమిటి చనిపోయిన ఏడాది దాన్ని తెచ్చుకుందట. మాట్లాడటానికి ఇంట్లో అదే మిగిలిందని ఒకసారి నవ్వుతూ అంది. ఒక వానాకాలం అది తొట్టెలోంచి ఎగిరి గచ్చు మీద పడింది. ఒక పక్క పొలుసులు లేచిపోయి ఎర్రటి పుండయింది. మూడో రోజున, కాటారంలో యాదక్క చెల్లెకు ప్రాణం మీదికి వచ్చిందని ఫోను వచ్చింది. వెళ్లక తప్పదు.

"నలభై లీటర్ల టబ్బుకు నాలుగు వందల గ్రాముల దొడ్డుప్పు. పది నిమిషాలు. తర్వాత నిలవ నీళ్ల టబ్బుల ఎయ్యి. ఎక్కువొద్దు, తక్కువొద్దు," అంది, నా ముంజేయి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని.

"ఉప్పు జోకుడు నాకు నేర్పుతవా అక్కా?" అన్నాను.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే వెళ్లి ఉప్పు జోకాను. సరిగ్గా నాలుగు వందలు. మా దుకాణంలో తూకం అయ్యాక కొసరు వేయనిదే పొట్లం కట్టం. కొసరు లేని తూకం దొంగతూకమనేవాడు మా నాయిన. నా చేతులు నన్నడగకుండానే బస్తాలోకి పోయాయి. ఒక దోసెడు వేశాను. పుండు పెద్దది కదా, పాపం, తొందరగా మానుతుందని ఇంకో దోసెడు వేశాను. దానం చేసినంత తృప్తి కూడా కలిగింది.

ఆ నీళ్లలోకి దించిన మూడో నిమిషంలో దొరసాని గిరుక్కున ఒక సుడి తిరిగింది. తర్వాత పక్కకు ఒరిగింది. తెల్లటి పొట్ట పైకి తేలింది. తీస్తే చస్తుందేమో, ఉంచితే చస్తుందేమో. యాదక్కకు ఫోను చేశాను.

"అక్కా, జర ఒరుగుతున్నది."

"ఉప్పెంతేసినవ్?"

"నువ్ చెప్పిన కాడికే." సరుకులో పురుగు లేదని గిరాకీకి చెప్పినంత సులువుగా నా నోరు చెప్పేసింది.

"మరైతే నువ్ పట్టినప్పుడు బెదిరుంటది. కదపకు. ఇంక జరసేపు ఉంచు."

నా అబద్ధాన్ని నమ్మి చెప్పిన వైద్యం అది. చేప నోరు ఒకసారి తెరిచాక మళ్లీ తెరవడానికి పట్టే సమయం పెరుగుతూ పోతోంది. ఫోను పెట్టేసి, చేపను తీసేసి, తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చని కూడా ఆలోచించాను. కానీ తీశాక దాన్ని ఎట్లా బతికించాలో నాకు తెలియదు. ఆమెకే తెలుసు.

"అక్కా, అబద్ధమాడిన. కొసరేసిన. రెండు దోసిళ్లు."

అవతల ఎవరో దగ్గుతున్నారు.

"తియ్యి," అంది యాదక్క. "నిలవ నీళ్లల్ల ఎయ్యి. తలకాయ గాలి బుడగల దిక్కు పట్టు. మొప్పలల్లకు నీళ్లు పోవాలె. అది నీ చేతులు నూకేదాక ఇడువకు."

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. మా దుకాణం ముందు గిరాకీలు పిలిచి పిలిచి వెళ్లిపోయారు. జీవితంలో మొదటిసారి పోనిచ్చాను. చల్లటి బరువైన ఒళ్లు నా అరచేతుల్లో ఉంది. అది కదిలిందనుకున్న ప్రతిసారీ, కదిలింది నా వణుకేనని తెలిసేది. చాలాసేపటికి తోక ఒక్కసారి నా మణికట్టును కొట్టింది. దొరసాని జారిపోయి టబ్బు అడుగున, ఒరగకుండా నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం యాదక్క వచ్చింది. చెల్లె గండం గడిచిందట. నన్ను చూడకుండా టబ్బు పక్కన గొంతుక్కూర్చుంది.

"బతుకుతదా అక్కా?"

"నాకెర్క లేదు."

తిట్టి ఉంటే మాటకు మాట చెప్పి ఎక్కడో ఒక చోట బేరం తెంపుకునేదాన్ని. ఆ జవాబుతో బేరం కుదరదు. తొమ్మిది రోజులు, షట్టరు ఎత్తేటప్పుడు ఆమె ముఖం వైపు చూడటానికి భయపడ్డాను. పదో రోజున దొరసాని మేత ముట్టింది. ఆ పూటే యాదక్క ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"గీసారి నువ్వే ఎయ్యి."

"నా చేతులు ఇంక వణుకుతున్నయ్ అక్కా."

"గందుకే ఇస్తున్న. ఆనాడు ఉప్పేసేటప్పుడు వణకలే నీకు."

యాదక్క పోయి రెండేళ్లయింది. దొరసాని ఇప్పుడు మా ఇంటి వెనక తొట్టెలో ఉంది. ఆ పక్క పొలుసులు మళ్లీ సరిగా రాలేదు. దెబ్బ తగిలిన చేపలను ఇప్పుడు నా దగ్గరికే తెస్తారు. నాకు ధైర్యం ఎక్కువని వాళ్లనుకుంటారు. నిజానికి ఉప్పు నీళ్లలో పడగానే, రేపు ఏదైనా తేడా వస్తే చెప్పుకోవడానికి ఒక అబద్ధం నా నాలుక మీద తయారవుతుంది. అందుకే చేపను దించకముందే ఎంత వేశానో పైకి చెబుతాను, వినడానికి పక్కన ఎవరూ లేకపోయినా.