పెద్దల్లుడి నుదుటికి ఐదు సూదులు

నలభై రెండేళ్ల వయసులో, నిండు పెళ్లి పందిట్లో, నా సొంత ముఖం నన్ను వదిలేసి ఎదుటి పక్షంలో చేరిపోయింది. అదెలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్విన వాళ్ల పేర్లు మాత్రం నేను గుర్తుపెట్టుకుంటాను.

నక్సలైటు అన్నలూ పోలీసులూ ఒకరినొకరు వెతుక్కుంటూ, మధ్యలో మా బస్సులను ఆపే రోజులవి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి కాబట్టి మా వైపు పెళ్లిళ్లన్నీ పగటి ముహూర్తాలే. నేను సిరిసిల్లలో ఆఫీసు గుమాస్తాను. కోరుట్లలో మా అత్తగారింటికి పెద్దల్లుడిని. ఈ రెండో ఉద్యోగమే నాకు ముఖ్యం.

అప్పటికి నాలుగేళ్ల కిందట మా బామ్మర్ది రమేశ్ పెళ్లిలో ఫొటోగ్రాఫరు నన్ను మామ పక్కన నిలబెట్టి, "మీరిద్దరు అన్నదమ్ములా?" అన్నాడు. వాడిని క్షమించాను, పరాయివాడు. కానీ రమేశ్ పకపకా నవ్వి, "అవునన్నా, మా బావనే పెద్దోడు!" అన్నాడు. ఆ మాటకు క్షమాపణ కోసం నాలుగేళ్లుగా కాచుకుని ఉన్నాను.

మా దగ్గర పెళ్లిలో అల్లుడు అలగడం తప్పు కాదు, హక్కు. దానికో పద్ధతి ఉంది. పందిరి చివర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. భోజనానికి లేవకూడదు. మొదట భార్య వస్తుంది, తర్వాత అత్త కబురు పంపుతుంది, చివరికి బామ్మర్ది చేతులు జోడించి వస్తాడు. మూడుసార్లు బతిమాలాలి, రెండుసార్లు కాదనాలి, మూడోసారి లేవాలి. ఒక్కటే కఠిన నియమం: అలిగానని అలిగినవాడు నోరు తెరిచి చెప్పకూడదు. చూసినవాళ్లే కనిపెట్టాలి.

నా విషయంలో కనిపెట్టడానికేమీ కష్టం లేదు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలుండేవి, దుక్కి దున్నిన చాళ్లలాగా. నేను అలిగితే ఆ సంగతి వంటవాళ్ల దాకా తెలిసేది.

ఇంతలో చిన్న మరదలి పెళ్లి కుదిరింది. వీడియోలో మామకు తమ్ముడిలా కూడా కనబడకూడదు, రమేశ్ చేత క్షమాపణ చెప్పించాలి. ఈ రెండు కోరికలూ ఒకే బండికి ముందొకటి, వెనుకొకటి కట్టిన ఎడ్లని అప్పుడు తట్టలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బామ్మర్ది మీది కోపం నా నుదుటి మీద చూపించుకున్నాను.

జగిత్యాలకు నెలకో ఆదివారం హైదరాబాదు నుంచి ఒక చర్మం డాక్టరు వచ్చేవాడు. ముడతలకు సూదిమందు వేస్తాడని విని వెళ్లాను.

"ఫంక్షన్ ఎప్పుడు?" అన్నాడు.

"ఎనిమిది దినాలుంది సార్."

"కనీసం రెండు మూడు వారాల ముందు రావాలి. ఏదైనా తేడా వస్తే సర్దుకునే టైము ఉండాలి కదా. ఇంకోమాట, ఇది వేస్తే ఇక్కడి కండరం మూడు నాలుగు నెలలు ముడుచుకోదు. సరేనా?"

"ముడుచుకునుడు పోవాలనే వచ్చిన సార్. పొడువుండ్రి."

ఐదు పోట్లు పొడిచాడు. "ఇవాళ నాలుగైదు గంటలు పడుకోవద్దు. ఇక్కడ చెయ్యి పెట్టి రుద్దొద్దు. మందు పక్కకు పాకితే రెప్ప వాలిపోతుంది" అన్నాడు. ఆఫీసులో సర్క్యులర్లు విన్నట్టే శ్రద్ధగా తల ఊపాను.

బయటికొచ్చాక, కొత్త ముఖానికి పాత జుట్టెందుకని కటింగ్ షాపులో కూర్చున్నాను. కటింగ్ అయ్యాక అతను, "మాలిష్ కొట్టాల్నా సార్?" అన్నాడు. కటింగ్ తర్వాత మాలిష్ వద్దన్న మగవాణ్ణి మా జిల్లాలో నేను చూడలేదు. పైగా డాక్టరు నన్ను చెయ్యి పెట్టొద్దన్నాడు. ఇది నా చెయ్యి కాదు కదా! అతను రొట్టెల పిండి పిసికినట్టు నా నుదురు పిసుకుతుంటే, స్వర్గం జగిత్యాల బస్టాండు పక్కనే ఉందనుకున్నాను.

ఐదో రోజుకు చాళ్లు రెండూ మాయం. నుదురు పాలరాయి. ఆరో రోజుకు ఎడమ రెప్ప సగానికి వాలింది. డాక్టరుకు ఫోన్ చేశాను.

"రుద్దారా?"

"నేను రుద్దలే సార్."

"కొన్ని వారాల్లో అదే లేస్తుంది. ఓపిక పట్టండి."

నా భార్య సుజాత అటు తిరిగి చీరలు మడతపెడుతోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అదీ గుర్తుపెట్టుకున్నాను.

సుజాత రెండు రోజులు ముందే వెళ్లింది. పెళ్లినాడు నేను బస్సెక్కాను. వేములవాడ దాటగానే పోలీసులు ఆపారు. అందరినీ దింపి ముఖాలు చూస్తున్న జవాను నా దగ్గర ఆగాడు.

"ఏందయ్యా, నాకే కన్ను కొడుతున్నవా?"

"కొట్టలే సార్, అదే పడ్డది."

"పోలీసోళ్లంటే భయం లేదా? మొకం మీద ఏం కనబడ్తలేదు!"

"మస్తు భయమైతుంది సార్. బయటికొస్తలేదు."

సంగతంతా విన్నాక అతను ఎస్సైని పిలిచాడు. ఎస్సై వచ్చి, "ఏదీ, ఒకసారి కోపానికి రా" అన్నాడు. ప్రయత్నించాను. ఇద్దరూ జీపును పట్టుకుని నవ్వారు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

పెళ్లిలో అనుకున్నట్టే అవమానం జరిగింది. బట్టలు పెట్టేటప్పుడు రమేశ్ మొదటి తువాలు నాకు కాకుండా పెళ్లికొడుకు బావకు కప్పాడు. ఇంకేం కావాలి? కుర్చీ లాక్కెళ్లి పందిరి చివర కూర్చుని, నాలుగేళ్ల కోపాన్ని నుదుటికి పంపాను. కోపం బయలుదేరింది కానీ చేరలేదు.

వచ్చేపోయే పిల్లలు నాకు తిరిగి కన్ను కొడుతున్నారు. అత్త నాతో నేరుగా మాట్లాడదు. దూరం నుంచి చూసి సుజాతతో అంది: "పెద్దల్లుడు ఇయ్యాల ఎంత సల్లగ కూసున్నడే! దిష్టి తియ్యాలె."

ఒక బంతి లేచింది. రెండో బంతి లేచింది. బగారా అన్నం వాసన నా ముందు నుంచే వెళ్లిపోతోంది. అప్పుడొచ్చాడు రమేశ్, తానే కుర్చీ వేసుకుని.

"బావా, గప్పుడు ఫొటోల కాడ నేను గట్ల అనొద్దుండె. నాలుగేండ్ల సంది మాఫీ అడుగుదామనుకుంటున్న, నీ మొకం చూస్తే ధైర్యం చాలలే. ఇయ్యాల నువ్వే కన్ను కొట్టి పిలిచినవ్ చూడు, నా పానం తేలికైంది. తప్పైంది బావా."

ఒకసారి! పద్ధతి ప్రకారం ఇంకా రెండుసార్లు రావాలి. నేను గొంతు బిగించి మొదటిసారి కాదన్నాను: "నీ మాఫీ నాకేం అక్కెర లేదు!"

"గదీ మా బావంటే! మనసు సాఫ్!" అని నన్ను గట్టిగా వాటేసుకుని, తిన్న చుట్టాలను సాగనంపడానికి పరుగెత్తాడు. నా రెండో కాదనడం ఇప్పటికీ గొంతులోనే ఉంది.

అందరూ తిన్నాక సుజాత ఆకులో ఇంత బగారా, ఇంత పప్పు వేసి తెచ్చింది. "ఇగ తిను. అలిగింది సాలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "నేను అలిగిన్నని నీకు ఎరుకేనా?"

"పదిహేనేండ్ల సంది చూస్తున్న. కోపమొస్తే నీ చెవులు ఎర్రగైతయి."

"మరి ఎవరికన్నా చెప్పొచ్చు గదా!"

"ఎందుకు చెప్త? మా ఇంట్ల ఇన్నేండ్లకు ఒక్క పెండ్లి నిమ్మళంగ అయింది."

ఆ ఆకు ముందు కూర్చుని, బగారా మెతుకు సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో నా నుదుటికి సూది తగలనివ్వను. ఎవరైనా అల్లుడు వేయించుకుంటానంటే, ముందు డాక్టరు చెప్పింది పూర్తిగా విను, మాలిష్ జోలికి పోకు, అన్నిటికంటే ముందు ఇంట్లో పెళ్లిళ్లేమీ లేవని చూసుకో అని హెచ్చరిస్తాను. ఇక ఆ రోజు నుంచి సుజాత మీద అలిగే ఉన్నాను, ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆమె ఇంకా గమనించనట్టే ఉంటోంది.