కత్తిపీటకు పరుపు

రాజారత్నం ఎడమ అరచేతిని రబ్బరు షీటు మీద ఒత్తిపెట్టి, కుడిచేత్తో కత్తిని పెన్సిలు గీత వెంబడి నడిపిస్తున్నాడు. కత్తిని నీళ్ళలో ముంచి కోస్తే రబ్బరు చప్పుడు లేకుండా విడిపోతుంది. బొటనవేలి వంపు రాగానే కత్తిని తిప్పలేదు, షీటునే తిప్పాడు. ఈ పాదం గీత అతనికి కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. చేపలమ్మే మంగతాయారు కుడిపాదం. ఈ పాదానికి చెప్పు కోయడం ఇది మూడోసారి.

మెట్టకూరులో అతను చాలాకాలం ఆటోలకు సీట్లు కుట్టాడు. ఒకరోజు నర్సు హెప్సిబా ఆటో దిగుతూ, ఎన్నేళ్ళయినా కుట్టు విడని ఆ సీటును తడిమి, "ఇది కుట్టిందెవరు?" అని డ్రైవరును అడిగింది. అలా అతను ఆరోగ్య సంఘానికి వచ్చి పడ్డాడు. రెండు గదుల సంఘం అది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకు అక్కడ కట్లు కడతారు, మందులిస్తారు, మెత్తటి రబ్బరు చెప్పులిస్తారు. ఖర్చంతా పాండిచ్చేరిలోని ఒక ట్రస్టు గ్రాంటుగా ఇస్తుంది. ఏటేటా అర్జీ పెట్టుకోవాలి, ఏటేటా ఎదురుచూడాలి.

"కూర్చునే చోటు వదిలేసి నడిచే చోటుకి దిగిపోయావేంటి బాబాయ్?" అని ఆటోవాళ్ళు ఏడిపించేవారు.

"సీటు గుచ్చుకుంటే మీరు నన్ను తిడతారు. వాళ్ళకి గుచ్చుకున్నా తెలీదురా. అందుకే దిగాను" అనేవాడు.

నిజమే. చెప్పు కరుస్తోందని ఆ పాదాలు చెప్పవు. వాటి బదులు ఇతని వేళ్ళే చెప్పాలి. ప్రతి జతనూ కళ్ళు మూసుకుని లోపలంతా తడిమి గానీ ఇచ్చేవాడు కాదు. కాగితం మీద గీసుకున్న పాదాలన్నీ గోడకు వరుసగా వేలాడుతుండేవి. మధ్యాహ్నం గోదారి గాలి కిటికీలోంచి వచ్చినప్పుడు అవన్నీ లేచి, మనుషులెవరూ లేకుండా తామే ఎటో నడిచి వెళ్తున్నట్టు కదిలేవి.

మంగతాయారు గుమ్మంలోంచే కేకేసింది.

"ఏం తమ్ముడూ, నా కాలయ్యిందా?"

"కాలు దేవుడు చేశాడక్కా. నేను చెప్పే చేస్తున్నాను."

"ఆయనే నయం. ఒక్కసారి చేసి ఊరుకున్నాడు. నువ్వింకా చేస్తూనే ఉన్నావ్!"

హెప్సిబా నవ్వుతూనే ఆమెను కూర్చోబెట్టి కట్టు విప్పింది. విప్పాక నవ్వలేదు. బొటనవేలి కింద పుండు అలాగే ఉంది, అంచులు ఇంకొంచెం నల్లబడ్డాయి.

"డాక్టరుగారు ఏమన్నారో గుర్తుందా పిన్నీ? మళ్ళీ నెల మొదటి శనివారానికి పూడకపోతే వేలు తీసేయాలన్నారు. కాకినాడ వెళ్ళాలి."

మంగతాయారు కిటికీ వైపు చూసింది. "వేలు లేకపోతే పీటెలా తొక్కిపెడతానమ్మా?" అంది, చాలా నెమ్మదిగా. మొగుడు పోయాక చేపలు కోసే ఆ కత్తిపీట మీదే ఆమె ఇల్లు నడుస్తోంది.

ఆమె వెళ్ళాక రాజారత్నం పాత జతను వెలుతురులో పెట్టి చూశాడు. అడుగు అంతటా ఒకేలా అరిగింది. బొటనవేలి కింద గుంట లేదు, ఒత్తిడి లేదు. నడకలో ఏ దోషమూ లేదని చెప్పు చెబుతోంది. మరి పుండు ఎక్కణ్ణుంచి వస్తోంది?

అన్నం తిని అక్కడే చాప మీద వాలాడు. నిద్రో మెలకువో తెలియని ఆ వేళలో గోడ మీది పాదాలు దిగివచ్చి గోదారి నీళ్ళ మీద నడుస్తున్నాయి. వెనకాల తడి అడుగులు పడుతున్నాయి, నీటి మీదే, చెరగకుండా. అన్నీ ముందుకు పోతున్నాయి, ఒక్క పాదం మాత్రం కదలడం లేదు. దేన్నో తొక్కిపెట్టి నిలబడిపోయింది. కింద ఏముందో చూద్దామని వంగాడు. మెలకువ వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్టుకు వెళ్ళాడు. మంచు ఇంకా విడలేదు. ఐసు మీంచి లేచే పొగా, ఏటి మీంచి వచ్చే పొగా కలిసిపోయి, మనుషులు సగం సగమే కనిపిస్తున్నారు. మంగతాయారు చెప్పులు విడిచి పక్కన జాగ్రత్తగా పెట్టింది. కత్తిపీటను తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంది. కూర్చుని, కుడికాలితో పీటను తొక్కిపెట్టి, చేపను రెండు చేతులా పట్టుకుని కత్తికి ఎదురుగా నెట్టింది. నెట్టిన ప్రతిసారీ పీట చెక్క అంచు సరిగ్గా ఆ బొటనవేలి కిందే దిగుతోంది. నొప్పి ఉంటే కాలు తనంతట తానే జరిగేది. అది జరగడం లేదు.

రాజారత్నం అక్కడే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ చెప్పును చూశాడు గానీ, చెప్పు విడిచాక కాలు ఏం చేస్తుందో చూడలేదు.

"అక్కా, చెప్పులెందుకు తీశావ్?"

"అన్నం పెట్టే పీట. చెప్పుకాలితో తొక్కుతానా? నీ బైబిలు మీద నువ్వు చెప్పుకాలు పెడతావేంటి?"

రాజారత్నం వంగి పీట చెక్క అంచును వేలితో తడిమాడు. "అయితే కాలికొద్దు. పీటకే వేద్దాం" అన్నాడు.

"పీటకి చెప్పులంటండోయ్!" పక్క దుకాణం జ్యోతి చేప వదిలేసి నవ్వింది. "రేపు తక్కెడకి గొడుగు కూడా కుట్టు బాబాయ్!"

"చెప్పు కాదమ్మా, పరుపు. ఆటోకి సీటేసినట్టు."

మంగతాయారు నవ్వలేదు. "ఇది మా అత్త పీట. మేకు కొడితే ఊరుకోను."

"ఒక్క మేకు కొట్టను. కాలు దానిమీద పెట్టుంచు, గీసుకుంటాను."

సంఘానికి వచ్చి సంగతి చెబితే హెప్సిబా ముందు షీటు వైపు చూసింది. "అది కోయకన్నయ్యా. మిగిలింది ఒక్కటే. దరియాలతిప్ప తెరేసాకీ, లూయిస్ తాతకీ జతలు అందులోంచే రావాలి. కొత్త గ్రాంటు ఎప్పుడొస్తుందో ఏమో."

"షీటు వద్దమ్మా. తునకల్లో చేస్తాను." పాదానికీ పాదానికీ మధ్య మిగిలిన ముక్కల సంచీ ముందుకు లాగాడు.

"అతుకులు గుచ్చుకోవూ?"

"గుచ్చుకోకుండా చెయ్యడమేగా పని."

అయినా హెప్సిబా తృప్తిపడక ట్రస్టులో గ్రాంట్లు చూసే జోసెఫిన్‌కు ఫోన్ చేసింది. "చెప్పులకిచ్చిన షీటు చెప్పులకే వాడండి. తునకలు మీ ఇష్టం" అంది అవతలి గొంతు. "పనిచేస్తే ఫోటో పంపి, వచ్చే అర్జీలో విడిగా అడగండి. కానీ కత్తిపీటకి పరుపంటే ఏంటో మా బోర్డువాళ్ళకి అర్థమయ్యేలా మీరే రాయాలండీ!"

తునకలు పరిచాడు. కొన్ని నెలవంకల్లా, కొన్ని చేప రెక్కల్లా, కొన్ని ఏ పేరూ లేకుండా ఉన్నాయి. ఒక్కోదాని అంచు వాలుగా చెక్కి, పక్కదాని అంచు దానికి సరిపోయేలా చెక్కాడు. రబ్బరు అతికించే సొల్యూషన్ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగి, ఒకదాని మీద ఒకటి వాల్చి నొక్కాడు. తొందరపడితే సొల్యూషన్ పట్టదు. ఎండ గుమ్మం దాటి, గోడ ఎక్కి, కాగితం పాదాల మీదికి పాకింది. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమాడు. తర్వాత చెంప ఆనించాడు. నీళ్ళు వెనక్కి తగ్గాక ఏటి ఒడ్డున ఇసుకలో మిగిలే సన్నటి అలల్లాంటిది ఒకచోట తగిలింది. ఊడబెరికి మళ్ళీ చెక్కాడు. చెంపకు ఏమీ తగలనప్పుడు, తను ఎక్కడున్నాడో కాసేపు గుర్తురాలేదు. ఏదో లోతులేని నీళ్ళలో తేలుతున్నట్టుంది.

ముందు దాన్ని గుడ్డతో పీటకు కట్టి చూశారు. చేప నీళ్ళకు నాని జారింది. గుడ్డ అంచులను పీట కిందికి మడిచి కట్టాడు. మళ్ళీ జారింది. ఈసారి కింది వైపుకు గరుకు రబ్బరు వేశాడు. అప్పుడు నిలిచింది. రోజూ సాయంత్రం హెప్సిబా కట్టు విప్పేది, అతను దూరం నుంచి ఆమె మొహం చూసేవాడు. ఒక సాయంత్రం ఆమె కట్టును వెలుతురుకేసి పట్టుకుంది. తెల్లగా ఉంది.

గడువు పెట్టిన ఆ శనివారం డాక్టరుగారు వేలిని అటూ ఇటూ తిప్పి చూశారు. "లోపల్నుంచి పూడుతోంది. వేలు తియ్యక్కర్లేదు. ఆ కాలి కింద ఏం పెట్టారో అదే ఉంచండి."

మంగతాయారు ఆ వేలినే చూస్తూ కూర్చుంది, ఎవరో కొత్తగా చేతికిచ్చినట్టు.

అప్పుడు రాజారత్నం అసలు పని మొదలుపెట్టాడు. ఆటో సీటుకు వాడే నీలం రెక్సిన్ తొడిగాడు. కుట్లన్నీ అడుక్కి వెళ్ళేలా మడిచాడు. నీళ్ళు నిలవకుండా పక్కన సన్నటి దారులు వదిలాడు. నైలాను తాడుతో పీట కింద నుంచి అల్లి లాగి కట్టేలా నాలుగు మూలలా చెవులు కుట్టాడు. హెప్సిబా ఫోటో తీసుకుని, అర్జీలో చెప్పుల కింద ఇంకో వరుస చేర్చింది.

పొద్దున్నే మార్కెట్టులో పీటను బోర్లించి, తాడు అల్లి, బిగించాడు. రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు. కదల్లేదు. చివరిసారి కళ్ళు మూసుకుని బొటనవేలు ఆనే చోటు తడిమాడు. పీటను తిరగేసి, కత్తి మొన తన వైపు ఉండేలా పట్టుకుని ఆమె చేతికిచ్చాడు.

"పట్టక్కా. మేకు లేదు, చూసుకో."

మంగతాయారు అడుగు వైపు చూసింది, పై వైపు తడిమి చూసింది. చెప్పులు విడిచి, పీటను కింద పెట్టి, తాకి కళ్ళకద్దుకుని, కాలు ఆనించింది.

"కాలికేం తెలుస్తుంది గానీ తమ్ముడూ, చేతికి మెత్తగానే ఉంది" అని, గంపలోంచి మొదటి చేపను అందుకుంది.