తారీఖు లేని గిన్నెలు

బతికున్న మా అత్తగారిని నేనొకసారి కీర్తిశేషులను చేశాను. అదీ పైసా ఖర్చు లేకుండా, పేపర్లో వచ్చిన కూపను మీద. అలా నోరు తెరవకండి, మొత్తం విన్నాక ఎలాగూ తిడతారు. నేను ఆవిడకి విషం పెట్టలేదు, మెట్ల మీంచి తొయ్యలేదు. పొదుపు చేశానంతే. పొదుపు ఇంత పని చేస్తుందని నాకు మాత్రం ఏం తెలుసు?

ఇది తొంభైల చివర్లో మాట. మేం తణుకులో ఉండేవాళ్ళం. మా ఆయనది గుమాస్తా ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఆవిడ పూర్తిపేరు వీరవెంకట సత్యలక్ష్మీ నరసమాంబ. దయచేసి ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు దీన్ని అక్షరాల లెక్కన కొలవాల్సి వస్తుంది. ఊరు అంబాజీపేట దగ్గర పల్లె. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు.

నాకు పొదుపు నేర్పిందే ఆవిడ. జీతం వచ్చిన సాయంత్రం వంటింటి గట్టు మీద నాలుగు డబ్బాలు వరసగా పెట్టించేవారు. పాలకి ఒకటి, బియ్యానికి ఒకటి, పిల్లల ఫీజులకి ఒకటి, ఆపదకి ఒకటి. "ఆపద డబ్బాలో పండక్కి చెయ్యి పెట్టావనుకో అమ్మాయ్, నీకు అసలు ఆపద నేనే అవుతాను" అనేవారు. అనడమే కాదు, అయ్యేవారు కూడా.

దానికి తోడు ఆవిడ నోట రోజూ వినిపించే మాట ఇంకొకటి ఉండేది. "మీ మామగారి పెద్దకర్మకి అప్పు చేశాం. ఊరంతా తిని, స్టీలు పళ్ళేలు పట్టుకెళ్ళి, ఆహా అన్నారు. వెనకాల కొబ్బరితోట పోయింది. నాకు మాత్రం అప్పు చేశారంటే ఊరుకోను."

"ఊరుకోక అప్పుడు ఏం చేస్తావే?" అనేవారు మా ఆయన.

"ఏదో ఒకటి చేస్తాన్లే" అనేవారావిడ. ఆ గొంతు వింటే చేస్తారనే అనిపించేది. అందుకే అప్పు చెయ్యబోమని ఆవిడకి మాటిచ్చేశాం.

పెద్దకర్మ నాడు భోజనం చేసి వెళ్ళే ప్రతివాళ్ళ చేతిలోనూ, పోయినవాళ్ళ పేరు కొట్టించిన స్టీలు సామాను ఒకటి పెట్టడం మావైపు ఆనవాయితీ. మా ఇంట్లో అందరూ ఎవరో ఒక స్వర్గస్థుల పళ్ళెంలోనే తింటాం. ఎవరి పళ్ళెం ఎవరిదో కూడా అలాగే గుర్తు.

ఇక నా విద్యకి వస్తాను. నాకు కూపన్ల పిచ్చి పట్టింది. ఒక టీపొడి పాకెట్లో కూపను వచ్చేది. డజను కూపన్లు పోగుచేస్తే ఒక స్టీలు గిన్నె. ఎప్పటికైనా ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి పంచొచ్చని నా ఆలోచన. ఇంట్లో కాఫీ ఆపేశాను. కోనసీమలో పుట్టి, పొద్దున్నే గ్లాసుడు కాఫీ పడకపోతే దేవుడికి దీపం కూడా పెట్టని మనిషి చేత టీ తాగించాను. పొద్దున టీ, పదింటికి టీ, మధ్యాహ్నం నిద్ర లేవగానే టీ.

"అమ్మాయ్, ఇది కషాయమా?" అనేవారు ముక్కు మూసుకుని.

"ఇంకొక్క పాకెట్ అయితే గిన్నె వస్తుందండీ అత్తయ్యగారూ."

"అయితే పొయ్యి" అనేవారు. అంతే, గుటుక్కున మింగేవారు.

మా వీధి కొట్టులో శెట్టిగారు ఒకసారి, "కొందరు కూపన్లు ఇక్కడే పారేసి పోతారండి, మీరు పట్టుకెళ్ళండి" అన్నారు. "అక్కర్లేదండీ, మేం తాగినవాటికి వచ్చినవే మావి" అని తల ఎగరేసి వచ్చాను. నిజాయితీ విషయంలో నన్ను వేలెత్తి చూపే వీల్లేదు. మూడేళ్ళకి అటక మీద ఒక గోనెసంచి నిండా గిన్నెలు పోగయ్యాయి. గృహప్రవేశం మాత్రం దరిదాపుల్లో లేదు.

అలాంటి రోజుల్లో ఒక వానాకాలం అత్తగారికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. వారం తిరిగేసరికి ఊపిరి అందలేదు. రాజమండ్రి తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆపద డబ్బా రెండ్రోజుల్లో అయిపోయింది. తరవాత ఫీజుల డబ్బా, తరవాత బియ్యం డబ్బా, తరవాత నా గాజులు. ఆవిడ కళ్ళు తెరవడం లేదు. పిలిస్తే ఊఁ అనడం లేదు. ఎప్పుడూ గలగలలాడే మనిషి నోటికి గొట్టం పెట్టి ఉంటే చూడలేక నేను వరండాలోకి వచ్చి కూర్చునేదాన్ని.

తునిలో ఉండే మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, ఏడుస్తూ దిగారు. ఆ సాయంత్రం డాక్టరుగారు మా ఆయన్ని పక్కకి పిలిచారు. "వయసు కూడా మీద పడిందండి. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పుకోండి" అన్నారు.

వదినగారు అక్కడికక్కడే కొంగు చాపి, అమ్మ లేచి కూర్చుంటే అన్నవరంలో వ్రతం చేయిస్తానని సత్యనారాయణస్వామికి మొక్కుకున్నారు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. తల్లి పోతోందన్న దుఃఖం ఒకటి, ఆ తల్లికి ఇచ్చిన మాట ఒకటి. అప్పు చెయ్యకూడదు. కానీ ఇంట్లో పాల డబ్బాలో చిల్లర తప్ప ఇంకేమీ మిగల్లేదు.

పిల్లల్ని చూసుకోవడానికి మర్నాడు పొద్దున్నే నేను తణుకు బస్సెక్కాను. ఇంటికొచ్చి దేవుడి ముందు నిలబడ్డాను. మీరనుకుంటారు, దండం పెట్టుకున్నానని. పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి దేవుడి పటం వెనక నేనే దోపిన పేపరు ముక్క కనబడింది. ఒక పాత్రల కొట్టువాళ్ళ కూపను. ఇది తెచ్చినవారికి సామాన్ల మీద పేర్లు ఉచితంగా కొట్టబడును. గడువు ఆ ఆదివారం. ఆ రోజు శనివారం.

అప్పుడు నా బుర్ర పనిచేసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గిన్నెలు ఉన్నాయి. పేరు కొట్టడానికి అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. ఆవిడ పేరేమో గోదావరి వంతెనంత పొడుగు. కూపను రేపటితో అయిపోతుంది. ఆవిడ రేపు పోతారో, సోమవారం పోతారో. సోమవారం పోతే అక్షరానికింత కట్టాలి. అంటే అప్పు. అంటే ఆవిడకిచ్చిన మాట పోతుంది. ఆవిడ కోసమే చేస్తున్నాననుకున్నాను. ఒట్టు, ఏడుస్తూనే అటకెక్కాను.

గోనెసంచి రిక్షాలో వేసుకుని కొట్టుకెళ్ళాను. పేర్లు కొట్టే మిషను ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఈ గిన్నెలు మా దగ్గర కొన్నవి కాదు కదండి?" అన్నాడు సంచీలోకి తొంగి చూసి.

"ఎక్కడ కొన్నా సరేనన్నట్టే ఉందండీ కూపను. చదువుకోండి." అన్నాను గానీ మనసొప్పక వాళ్ళ దగ్గర ఒక గరిటె కొన్నాను.

"ఆయ్, సరేనండి. ఏమని వెయ్యమంటారు?"

చెప్పాను. ఆయన మొహం జాలిగా మారింది. "కీర్తిశేషులు అని పూర్తిగా వెయ్యాలాండి, పొట్టిగా కీ.శే. చాలా?"

"ఉచితమే కదండీ, పూర్తిగా వెయ్యండి."

ఆయన మిషను మొదలెట్టి మొదటి గిన్నె మీద పేరు వేశాడు. "తారీఖు చెప్పండమ్మా. ఎప్పుడు పోయారు?"

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. "ఇంకా పోలేదండీ."

మిషను ఆగిపోయింది. ఆయన నన్ను చూశాడు, గిన్నెని చూశాడు, కూపను మీద గడువు చూశాడు. విషయం అర్థమైనట్టుంది. "తారీఖుకి ఖాళీ వదులుతానండి" అని తలొంచుకుని పని చేసుకున్నాడు. సాయంత్రం దాకా ఆ మిషను గర్ర్ గర్ర్ మంటూనే ఉంది. ప్రతి గిన్నె మీదా మా అత్తగారు పోతూనే ఉన్నారు.

సంచి మళ్ళీ అటకెక్కించి ఆదివారం రాజమండ్రి వెళ్ళాను. ఆసుపత్రి గుమ్మంలోనే వదినగారు ఎదురొచ్చి నన్ను వాటేసుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

"సరోజా! అమ్మ కళ్ళు తెరిచింది! కాఫీ అడిగింది!"

లోపలికి పరిగెత్తాను. గొట్టం తీసేశారు. ఆవిడ నన్ను చూసి నీరసంగా, "అమ్మాయ్, టీ అన్నావంటే చంపేస్తాను" అన్నారు. ఆవిడ పాదాలు పట్టుకుని ఎక్కెక్కిపడి ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా గిన్నెలు గుర్తొచ్చాయి. ఏడుపు రెట్టింపయింది. నర్సమ్మ చూసి, కోడలంటే ఇలా ఉండాలి అంది.

మర్నాడే తణుకు వచ్చి, ఒక గిన్నె కొంగులో దాచుకుని ఆ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను.

"ఇవి చెరపొచ్చాండీ?"

"చెరిపితే చిల్లు పడుద్దండి." ఆగి, "బాగున్నారాండి ఆవిడ?" అన్నాడు.

"బాగున్నారండీ."

"మంచిదేకదండి" అన్నాడు. కానీ నా మొహం చూసి మంచిదో కాదో తేల్చుకోలేకపోయాడు పాపం.

అత్తగారిని ఇంటికి తెచ్చాం. పథ్యం పెట్టే రోజు నేను గుడికెళ్ళాను. వదినగారు చారు కాచి, కొత్త గిన్నె ఉంటే బాగుండునని అటక మీద వెతికారు. ఎదురుగా సంచి. పైనున్న గిన్నె కడిగి, చారన్నం కలిపి తల్లి చేతికిచ్చారు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు గిన్నె ఖాళీ చేసి, కళ్ళజోడు పెట్టుకుని, అంచు చుట్టూ తిప్పుతూ కూడబలుక్కుంటున్నారు.

"కీర్తి... శేషులు... వీర... వెంకట... ఇదెవరే, నా పేరే ఉందేంటి?"

మా ఆయన చేతిలో పేపరు జారిపోయింది. వదినగారు అటక మీద సంచి లాగారు. గిన్నెలన్నీ గలగలా వంటింట్లో దొర్లాయి. ఒక్కొక్క గిన్నె దొర్లుకుంటూ వచ్చి అత్తగారి మంచం దగ్గర ఆగింది.

"నేను అన్నవరం దేవుడికి మొక్కుకుంటుంటే నువ్వు గిన్నెలు కొట్టించావా? అంత తొందరొచ్చిందా నీకు?" వదినగారు వీధంతా వినబడేలా అరిచారు. "అమ్మా, ఇంక ఒక్క పూట ఇక్కడుండొద్దు. తుని వచ్చెయ్!"

నేను నోరు విప్పితే కూపను అన్న మాటే వస్తోంది. ఆ మాట ఆ క్షణాన ఎంత నీచంగా వినిపించిందో మీకు చెప్పలేను. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. అరిచినా బాగుండేది. ఆ తరవాత కూడా నా చేత్తో పెడితే తిన్నారుగానీ నా మొహం చూడలేదు. నాకు తల్లి లేదండి. ఆవిడ తుని వెళ్ళిపోతే ఆ నాలుగు డబ్బాల ముందు నేనొక్కదాన్నే కూర్చోవాలి. వంటింట్లో మూలకి వెళ్ళి ఏడ్చుకునేదాన్ని.

వదినగారు బట్టలు సర్దిన రోజు ఆవిడ నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇలా రా. అన్నిటి మీదా వేయించావా?"

"అన్నిటి మీదానండీ అత్తయ్యగారూ."

"అప్పు చేశావా?"

"లేదండీ. కూపను. గిన్నెలూ కూపన్లవే."

"అంటే, నా కర్మకి నేనే టీ తాగానన్నమాట."

నేను జారిన దుప్పటి తీసి ఆవిడ కాళ్ళ మీద కప్పాను.

"మరి తారీఖు వెయ్యలేదేం?"

"అది... తెలీదు కదండీ."

"పోనీలే. అదొక్కటన్నా నాకు వదిలావు." అంటూనే ఆవిడ నవ్వడం మొదలెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది. నేను వీపు రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని, కూతురితో, "నేను తుని రానే. నాకోసం అప్పు చెయ్యకుండా ఉన్నది ఇదొక్కతే" అన్నారు.

మరునాటి నుంచి ఇంట్లో కాఫీ మొదలైంది. ఆవిడ కోలుకున్నాక ఇంకో పని కూడా పెట్టుకున్నారు. పాయసం వండినప్పుడల్లా ఒక గిన్నెలో పోసి వీధిలో ఒకరింటికి తనే స్వయంగా పట్టుకెళ్ళేవారు. "గిన్నె ఉంచేసుకో. నా చేత్తో ఇస్తున్నాను" అనేవారు. పాయసం అయిపోయి అంచు మీద అక్షరాలు చదివి హడలిపోయి, మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చినవాళ్ళకి ఆవిడే ఎదురెళ్ళేవారు. "నేనేనే, లోపలికి రా" అనేవారు. అలా ఒక్కొక్కటీ, సంచి మొత్తం ఖాళీ చేసేశారు. ఆవిడకి అంత సరదాగా ఇంకేదీ ఉండేది కాదు.

నాలుగేళ్ళ తరవాత ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా ఒరిగిపోయారు. డాక్టరుగారు రాలేదు, చెప్పాల్సిన వాళ్ళకి చెప్పుకునే టైము కూడా ఇవ్వలేదు. ఆపద డబ్బా నిండుగా ఉంది. అప్పు చెయ్యాల్సిన పని రాలేదు. కానీ ఇంట్లో గిన్నె ఒక్కటీ లేదు.

అదే కొట్టుకెళ్ళాను. కొత్త గిన్నెలు పూర్తి ధరకి కొన్నాను. మిషను ముందు అదే పెద్దాయన, ఇంకాస్త ముసలివాడైపోయి ఉన్నాడు. పేరు చెప్పగానే చెయ్యి ఆపి, కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను గుర్తుపట్టాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఈసారి... నిజంగానేనాండి?"

అవునని తలూపబోయాను. తల కదల్లేదు. దినాలన్నీ బిగబట్టిన ఏడుపు ఆ కొట్టులో, ఆ గిన్నెల మధ్య బయటికొచ్చింది. ఆయన స్టూలు వేశాడు. తారీఖు చెప్పాను. ఆ పేరుకి అక్షరానికింత లెక్కన ఎంతైందో అంతా ఇచ్చాను. నా జన్మలో బేరమాడకుండా డబ్బిచ్చింది అదొక్కసారే.

కాబట్టి ఇప్పటిదాకా నేను కత్తిరించిన కూపన్లన్నిటి సాక్షిగా, ఆ నాలుగు డబ్బాల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనిషి ఊపిరి ఆడుతుండగా, ఆ మనిషి పేరు మీద, ఎంత ఉచితమైనా సరే, ఏ పనీ ముందుగా చేయించను. దీని మీద నిలబడ్డాను కూడా. కానీ మా ఆయనకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. నేను పేపరూ కత్తెరా పట్టుకుని కూర్చుంటే చాలు, ఆయన చొక్కా తొడుక్కుని వెళ్ళి బీపీ చూపించుకుని వస్తారు.