వరండాలోని కుట్టుమిషన్

2024 జులై 1, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆమె మిషన్‌ను లోపలి గదిలోంచి వరండాలోకి జరిపించాను.

నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందు గదిలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. నాలుగు మిషన్లు, మూలన కొలతలు తీసే పరదా. మగవాళ్లు గడప దాటి రావడానికి వీల్లేదు. ఆ మాట మీదే నాకు గిరాకీ వచ్చింది.

ఆమె జూన్ 10న పనిలో చేరింది. కలెక్టరాఫీసు ఇచ్చిన గుర్తింపు కార్డు తానే తీసి చూపించింది. మగపిల్లవాడిగా పుట్టిన మనిషి. కార్డులో స్త్రీ అని ఉంది. చెయ్యి చక్కగా ఉంది, చంక దగ్గర ముడత రానిచ్చేది కాదు. పెట్టుకున్నాను.

మూడు వారాలకు పాత గిరాకీలు ఇద్దరు కలిసి వచ్చారు.

"గామె ముంగట జాకెట్ విప్పుడు మాతోని కాదు పెద్దమ్మా. ఆమె ఉంటే మేం రాము."

వాళ్ల సిగ్గు అబద్ధం కాదు. పరదా పల్చనిదే, గది చిన్నదే. దాన్ని మందం చేయించవచ్చని ఆ రోజు నాకు తోచలేదు. మిషన్ జరిపించాను.

"పని చేసే కాడ తేడా చూపొద్దని చట్టం ఉన్నది పెద్దమ్మా," అంది ఆమె.

"పనిలోంచి తీసేయలేదు కదా బిడ్డా," అన్నాను. ఆ జవాబు నాకు సరిపోయింది.

పాత జాకెట్‌ను కొలతకు ఆదిగా ఇచ్చేవాళ్లవి ఆమె కుట్టేది, ఒంటి కొలతలు నేను తీసేదాన్ని. జల్లు కొడితే మిషన్‌ను గోడకు జరుపుకొని, "తడిస్తే జాకెట్ కురచైతది, ఎన్క నన్ను తిట్టొద్దు," అనేది.

ఆగస్టు 12న నాగల్‌గిద్ద వైపు నుంచి ఒక రైతుమనిషి వచ్చింది. జబ్బు చేసి పట్నంలో ఒక రొమ్ము తీసేశారట. పాత జాకెట్ ఆదికి పనికిరాదు. పరదా వెనక మూడుసార్లు కొలిచాను. రెండు వైపులా ఒకేలా కత్తిరిస్తే ఒక వైపు వేలాడుతుంది, తగ్గిస్తే లోపం కనబడుతుంది. నాకు తెలియలేదు.

వరండాలోంచి ఆమె గొంతు వినిపించింది. "పెద్దమ్మా, లోపల సంచి లెక్క కుట్టి మెత్తటి గుడ్డ పెట్టాలె. నేను గట్లనే తొడుక్కుంట."

"గామెనే రమ్మను," అంది వచ్చినామె.

నలభై రెండు రోజుల తర్వాత ఆమె గడప దాటింది. పరదా వెనక ఆమె కొలతలు తీసింది. తర్వాత రైతుమనిషి అంది:

"నీకు రాలె, నాకు పోయింది. ఇద్దరం ఒక్కటే!"

ఇద్దరూ గట్టిగా నవ్వారు.

ఆగస్టు 14 సాయంత్రం రైతుమనిషి ఆ జాకెట్ తొడుక్కొని అద్దంలో రెండుసార్లు చూసుకుంది. కొంగు సర్దుకోకుండానే బస్సుకు వెళ్లింది.

"ఎల్లుండి నుంచి మిషన్ లోపల్నే వేసుకో బిడ్డా," అన్నాను.

"ఎవరన్న వద్దంటే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

ఆమె మిషన్‌కు గుడ్డ కప్పింది. "గా అప్పుడు ఏమైతదో చూసిన పెద్దమ్మా," అంది. కోపంగా కాదు, అలసటగా. 'నేను వాళ్లతో మాట్లాడతాను' అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. పదహారున ఆమె రాలేదు. పట్నంలో ఒక కుట్టుషెడ్డులో చేరిందని తర్వాత తెలిసింది.

డిసెంబర్‌లో రైతుమనిషి ఇంకో గుడ్డ తెచ్చింది, ఆ జాకెట్‌నే ఆదిగా ఇచ్చింది. లోపలి సంచి రెండుసార్లు కుట్టి విప్పాను, కుదరలేదు. గుడ్డ తిరిగి తీసుకుపోయింది.

పోయినవి ఇవి. వరండాలో ఆమె కూర్చున్న పనిదినాలు, ఆదివారాలు తీసేస్తే, ముప్పై తొమ్మిది. మంచి చెయ్యి ఒకటి. నాగల్‌గిద్ద గిరాకీ ఒకటి. ఎవరి కోసం మిషన్ జరిపించానో ఆ ఇద్దరు కూడా. దసరాకే రెడీమేడ్ జాకెట్లు కొనుక్కున్నారు.