మూడో అరుపు

ఆదోని పత్తి యార్డులో హమాలీ ఉరుకుందు. ఇరవై ఏళ్ల వయసులో జిల్లా బాక్సింగు పోటీకి గడ్డంతో వెళ్లాడు. తల్లి హుసేనమ్మ ఆపరేషన్ గట్టెక్కితే శ్రావణంలో ఉరుకుంద ఊళ్లో వెలసిన ఈరన్న సామికి తలనీలాలు, గడ్డం ఇస్తానని మొక్కుకున్నాడు. శ్రావణానికి ఇంకా ఇరవై రోజులున్నాయి.

తూకం దగ్గర కూర్చున్న అధికారి వెంకటేశులు గడ్డం చూసి, రూలు ఒప్పుకోదన్నాడు. ఆడాలన్న ఆశతో ఉరుకుందు తన మొక్కును కూడా పక్కన పెట్టేశాడు.

"ఒక బ్లేడిప్పీండి సార్. రెండు నిమిషాల్లో గీక్కొస్తా."

"టైం అయిపోయిందప్పా. పో."

గడియారంలో ఇంకా పావుగంట ఉంది. ఆ బరువు విభాగంలో వెంకటేశులు శిష్యుడు పోటీ లేకుండానే గెలిచాడు. శ్రావణంలో మొక్కు చెల్లించాడు గానీ, బ్లేడు అడిగిన నోటితో సామికి ఏం చెప్పుకోవాలో ఉరుకుందుకు తెలియలేదు.

ఆ తర్వాత బాక్సింగు నియమాల పుస్తకం సంపాదించి, పత్తి బోరేల మీద కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. గడ్డం ఉండకూడదని ఉంది. గీసుకునే వ్యవధి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి అతనికి నిద్ర కన్నా పుస్తకమే ఎక్కువైంది. రెండోసారికి రెఫరీ పరీక్ష పాసయ్యాడు.

పన్నెండేళ్లకు ఎమ్మిగనూరులో ఒక కల్యాణ మండపంలో పోటీలు జరిగాయి. ఫైనల్లో వెంకటేశులు కొడుకు రామాంజి. మూలలో కోచ్‌గా తండ్రే. రింగులో రెఫరీ ఉరుకుందు. వెంకటేశులు అతన్ని గుర్తుపట్టలేదు. దాంతో ఉరుకుందుకు మరింత మండింది.

రౌండు నడుస్తుండగా కోచ్ నోరు మెదపకూడదు. మొదటి తప్పుకు హెచ్చరిక, రెండో తప్పుకు రింగు దగ్గర నుంచి కిందికి, మూడో తప్పుకు హాలు బయటికి. ఆ ప్రాంతంలో అందరూ అరుస్తారు, ఏ రెఫరీ పట్టించుకోడు. మొదటి రౌండులోనే వెంకటేశులు అరిచాడు. ఉరుకుందు ఆట ఆపి హెచ్చరించాడు. రెండో రౌండులో మళ్లీ అరిస్తే కిందికి దింపాడు.

"ఏందప్పా, ఈడ అరవనోడెవడు? నువ్వేమన్నా ఢిల్లీ నుంచి దిగినావా?"

"పుస్తకంలో ఉండాది సార్."

జనం నవ్వారు. వెంకటేశులు వాళ్ల మధ్యకు పోయి కూర్చున్నాడు.

చివరి రౌండులో రామాంజి దెబ్బ తిని కూలాడు. ఉరుకుందు లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిదికి వాడు లేచి చేతులెత్తాడు, కళ్లు తేటగానే ఉన్నాయి. ఆట ఆపేస్తే అడిగేవాడు లేడు. కానీ వెంకటేశులు చేసిన పనే తానూ చేస్తే పన్నెండేళ్ల కోపం ఎంగిలైపోతుంది. ఆడమని సైగ చేశాడు.

దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. జనంలోంచి ఏడుపులాంటి అరుపు వినబడింది.

"గార్డు దించొద్దు నాయనా!"

అది కోచ్ అరుపు కాదు, తండ్రి అరుపు. ఆ సంగతి ఉరుకుందుకు తెలుసు. పుస్తకంలో ఆ తేడా లేదు. ఆట ఆపి, వేలితో తలుపు చూపించాడు.

చివరి నిమిషంలో రామాంజి రెచ్చిపోయి కొట్టాడు. గెలిచాడు. ఉరుకుందే వాడి చెయ్యి పైకెత్తాడు. వాడు హాలంతా కలయజూశాడు.

సంచీ సర్దుకుని ఉరుకుందు బయటికొచ్చేసరికి, మూసిన తలుపు దగ్గర వెంకటేశులు నిలబడి ఉన్నాడు.

"నా కొడుకు గెలిచినాడా అన్నా? అంతన్నా సెప్పిపో."

"టైం అయిపోయిందప్పా. పో."

వెంకటేశులు మొదటిసారి అతని ముఖంలోకి నిదానంగా చూశాడు. ఆదోని బస్సు హారన్ కొడుతున్నా ఉరుకుందు కదలకుండా నిలబడి, చూడనిచ్చాడు.